ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్‌కి టైర్లు మార్చే ముందు ఏమేం చూస్కోవాలి

షాపుకి పోయి రేట్లు అడిగే ముందు ఒక్క పది నిమిషాలు పాత టైర్ల దగ్గర గొంతుకూర్చోండి. కూర్చుని చూడ్డమే కాదు, అరచేత్తో ట్రెడ్ మీద, అంటే రోడ్డుకి తగిలే గాడుల భాగం మీద, అటూ ఇటూ తడమండి. మీ బండి ఎట్లా తిరుగుతోందో మీకన్నా ఆ టైర్లకే బాగా తెలుసు. వెనక టైర్లు నడుమ నున్నగా అయిపోయి పక్కలు మాత్రం ఇంకా నిలబడి ఉన్నాయనుకోండి, బండి ఎక్కువ రోజులు ఖాళీగానే తిరుగుతోంది గానీ గాలి మాత్రం లోడుకి సరిపడా కొట్టించి అట్లాగే వదిలేస్తున్నారన్నమాట. రెండు అంచులూ అరిగి నడుమ బాగుంటే గాలి తక్కువ పెట్టి తిప్పారు. ఒక్క పక్కే అరిగితే అలైన్‌మెంటు తప్పింది. చెయ్యి ఒక దిక్కుకి నున్నగా జారి, వెనక్కి లాగితే రంపం పళ్ళలాగా తగులుతోందా, అది టో తేడా, అంటే చక్రాలు తిన్నగా కాకుండా లోపలికో బయటికో తిరిగి ఉన్నాయి. గుంటలు గుంటలుగా అరిగితే షాక్ అబ్జార్బర్ల సంగతి చూడాలి. ట్రెడ్ బ్లాకుల అంచులు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయి ఉంటే మీరు కంకర రోడ్ల మీద బాగా తిరుగుతున్నారు, ఆ రబ్బరు దానికి తట్టుకోవట్లేదు.

ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, పాత టైర్లని తినేసిన జబ్బే కొత్త టైర్లనీ తినేస్తుంది. బాల్ జాయింట్లు, అంటే చక్రాన్ని సస్పెన్షన్‌కి కలిపే కీళ్ళు, లూజుగా ఉన్న బండికి కొత్త టైర్లు వేయిస్తే కొన్ని నెలల్లోనే ఒక అంచు పోతుంది, అప్పుడు టైరు కంపెనీని తిట్టుకుని లాభం లేదు.

ఎప్పుడు మార్చాలి అనేది కూడా ఇక్కడే తేల్చుకోండి. గాడుల్లో అడ్డంగా చిన్న గట్టులాంటివి ఉంటాయి, అరుగుదల గుర్తులు, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. ట్రెడ్ అరిగి ఆ గట్టుతో సమానం అయితే టైరు పని అయిపోయినట్టే, చాలా దేశాల్లో చట్టం కూడా అక్కడే గీత గీస్తుంది. కానీ పికప్ విషయంలో నేను అంతదాకా ఆగొద్దంటాను. ఖాళీ తొట్టితో వెనక భాగం తేలిగ్గా ఉంటుంది, వాన నీళ్ళ మీద టైరు తేలిపోవడం దానికి ఇంకా తొందరగా జరుగుతుంది, అందుకే వానల్లో తిరిగే బండి అయితే 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చేయండి. బురదలో, మంచులో పని ఉన్నోళ్ళకి 4 మిల్లీమీటర్లు దాటి కిందికొస్తే ఆ టైరు ఆ పనికి పనికిరాదు, తారు రోడ్డు మీద ఎంత బాగున్నా సరే.

ఇప్పుడు సైజు. సైడ్‌వాల్ మీద, అంటే టైరు పక్క గోడ మీద, 265/70 ఆర్17 అని ఉందనుకోండి. 265 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 70 అంటే సైడ్‌వాల్ ఎత్తు ఆ వెడల్పులో 70 శాతం, ఆర్ అంటే రేడియల్, 17 అంటే రిమ్ము అంగుళాల్లో. లెక్క మీరే వేస్కోవచ్చు, 265లో 70 శాతం 185.5, పైనా కిందా కలిపి 371, రిమ్ము 17 అంగుళాలు అంటే 431.8, మొత్తం కలిపితే 803 మిల్లీమీటర్లు చిల్లర తక్కువ, అంటే 31.6 అంగుళాల టైరు. ఈ లెక్క చేతికి అలవాటు చేస్కోండి, తర్వాత పెద్ద సైజు గురించి మాట్లాడేటప్పుడు ఇదే కావాలి. కొన్ని పాత బండ్లకి 31 ఇంటూ 10.50 ఆర్15 అని వేరే తరహాలో రాసుంటుంది, అందులో మొదటిది టైరు మొత్తం ఎత్తు, రెండోది వెడల్పు, రెండూ అంగుళాల్లోనే.

సైజు పక్కనే 115టీ అనో 121/118ఎస్ అనో ఇంకో నంబరు ఉంటుంది. చాలామంది అసలు చూడనే చూడరు దీన్ని, పికప్‌కి మాత్రం అన్నిటికన్నా ముఖ్యమైన నంబరు ఇదే అని నా నమ్మకం. అది లోడ్ ఇండెక్స్. 105 అంటే ఒక టైరు 925 కేజీలు మోయగలదు, 112 అంటే 1120, 115 అంటే 1215, 121 అంటే 1450. వెనకున్న అక్షరం గరిష్ఠ స్పీడు, క్యూ అంటే గంటకి 160 కిలోమీటర్లు, ఎస్ 180, టీ 190, హెచ్ 210. 121/118 అని రెండు నంబర్లు ఉంటే రెండోది వెనక పక్కపక్కన జంట చక్రాలు ఉన్న బండ్లకి, మామూలు పికప్‌కి మొదటిదే లెక్క.

డ్రైవర్ డోరు తెరిస్తే పిల్లర్ మీద ఒక స్టిక్కరు ఉంటుంది, అందులో ముందు యాక్సిల్‌కి ఎంత, వెనక యాక్సిల్‌కి ఎంత బరువు పరిమితో ఉంటుంది. వెనక యాక్సిల్ 1850 కేజీలు అని ఉంటే ఒక్కో టైరు వాటా 925, అంటే 105 కంటే తక్కువ ఇండెక్స్ ఉన్న టైరు ఆ బండికి వెయ్యనే వెయ్యకూడదు, అది కూడా గీతకి గీత సరిపోయేది తీస్కోకుండా కొంచెం పైనే ఉండేది చూస్కోవాలి. వీలుంటే ఒకసారి మీరు మామూలుగా వేసే లోడుతోనే కాటా వేయించండి, ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి విడివిడిగా. చేసి చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది, తొట్టిలో వేసిన బరువులో దాదాపు అంతా వెనక యాక్సిల్ మీదే పడుతుంది, తొట్టి వెనక అంచుకి దగ్గరగా వేస్తే ముందు యాక్సిల్ ఇంకా తేలికవుతుంది. ట్రైలర్ తగిలించేవాళ్ళకి హుక్కు మీద పడే బరువు కూడా వెనక టైర్లదే.

ఇక ఎక్కువమంది తప్పులో కాలేసే చోటికొద్దాం. కొన్ని టైర్ల సైజు ముందు పీ అని ఉంటుంది, లేదా ఏమీ ఉండదు, ఇంకొన్నిటికి ఎల్‌టీ అని ఉంటుంది. మొదటి రకం కార్ల తరహా, రెండోది లైట్ ట్రక్కు తరహా. ఎల్‌టీ టైర్లలో మళ్ళీ లోడ్ రేంజ్ సీ, డీ, ఈ అని ఉంటాయి, షాపుల్లో వీటినే 6 ప్లై, 8 ప్లై, 10 ప్లై అంటారు. ఇప్పటి టైర్లో నిజంగా పది పొరలు ఉండవు, నూలు గుడ్డ పొరలతో టైర్లు చేసిన కాలం నించి వచ్చిన లెక్క అది, అప్పటి పది పొరలంత గట్టిది అని అర్థం. సీ రేంజ్‌కి గాలి ఒత్తిడి గరిష్ఠంగా 50 పీఎస్ఐ, డీకి 65, ఈకి 80.

"10 ప్లై వేస్కో అన్నా, గట్టిగా ఉంటుంది" అని ఎవరో ఒకరు చెప్తారు, మనం ఎల్‌టీ ఈ రేంజ్ వేయించుకుంటాం, గాలి మాత్రం డోరు స్టిక్కరు మీద ఉన్న 35 పీఎస్ఐ కొట్టించి లోడేస్తాం. ఇక్కడే ప్రమాదం. ఆ స్టిక్కరు మీది గాలి కంపెనీ నించి వచ్చిన టైరుకి రాసింది. కార్ల తరహా 265/70 ఆర్17 115 టైరు దాదాపు 35 పీఎస్ఐ దగ్గరే తన పూర్తి బలానికి వచ్చేస్తుంది. ఎల్‌టీ265/70 ఆర్17 121 మోసే 1450 కేజీలు మాత్రం 80 పీఎస్ఐ దగ్గర మాట. అదే సైజు సీ రేంజ్‌ది 50 పీఎస్ఐ దగ్గర 1120 కేజీలే మోస్తుంది, అందుకే దానికి 112 ఇండెక్స్. అంటే బరువు మోసేది రబ్బరు కాదండీ, లోపలున్న గాలి. రబ్బరు ఆ గాలిని పట్టి ఉంచే సంచి, అంతే. మందం సంచిలో తక్కువ గాలి పెట్టి లోడు వేస్తే సైడ్‌వాల్ మాటిమాటికి మడత పడుతుంది, మడత పడ్డ కొద్దీ వేడెక్కుతుంది, వేడెక్కిన టైరు స్పీడులో పొరలు పొరలుగా విడిపోతుంది.

2000 ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ దాదాపు 65 లక్షల టైర్లు వెనక్కి పిలిపించింది, చాలామటుకు ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లవి, నడుస్తుండగా ట్రెడ్ ఊడిపోయి బండ్లు బోల్తాపడి చాలామంది చనిపోయారు. తప్పు టైరుదా బండిదా అని రెండు కంపెనీలూ గట్టిగా వాదించుకున్నాయి, ఆ వాదనలో ఫోర్డ్ చెప్పిన 26 పీఎస్ఐ గాలి కూడా ఒక పెద్ద అంశం. తర్వాత అక్కడ కొత్త బండ్లకి టైరు గాలి తగ్గితే హెచ్చరించే సిస్టమ్ తప్పనిసరి చేసే చట్టం వచ్చింది. గాలి ఒక చిన్న విషయం అనుకునేవాళ్ళకి నేనెప్పుడూ ఇదే చెప్తాను.

ఇంకోటి, కార్ల తరహా పీ టైరుని పికప్‌కి వేస్తే దాని మీద రాసిన బరువుని 1.1తో భాగించి చూస్కోవాలి అనేది అమెరికన్ లెక్కల్లో ఉన్న నియమం. 1215 కేజీల టైరు పికప్ మీద సుమారు 1105 కేజీల టైరు అవుతుంది. పికప్ ఊగుతుంది, ఎత్తుగా ఉంటుంది, లోడు కుదురుగా ఉండదు, అందుకే ఆ తగ్గింపు.

మరి ఎవరికి ఏది? ఖాళీగా తిరిగేది ఎక్కువ, అప్పుడప్పుడు కొంచెం సామాను, రోడ్లన్నీ తారే అంటే పీ తరహా టైరో లేకపోతే ఎక్స్‌ఎల్ అని రాసున్న గట్టి రకమో చాలు, మెత్తగా పోతుంది, తేలిగ్గా ఉంటుంది. వారంలో నాలుగైదు రోజులు లోడు, ట్రైలరు, రాళ్ళ దారులు అంటే ఎల్‌టీ. మధ్యరకం వాడకానికి సీ రేంజ్ దొరికితే అదే నాకు ఇష్టం, 10 ప్లై 'ఈ' రేంజ్‌లో ఒక్కో టైరు మీద నాలుగైదు కేజీల బరువు ఎక్కువ ఉంటుంది, ఖాళీ బండిలో వెన్నుపూస కదిలిపోతుంది, బ్రేకులకీ సస్పెన్షన్‌కీ ఆ బరువు భారమే. అవసరం లేకుండా గట్టిదనం కొనుక్కోవడం కూడా తప్పే.

ఫోర్‌వీల్ డ్రైవ్ కాబట్టి ఇంకో నియమం ఉంది, నాలుగూ ఒకటే ఉండాలి. సైజు ఒకటే, బ్రాండు ఒకటే, మోడలు ఒకటే, అరుగుదల కూడా దగ్గరదగ్గరగా. నా స్నేహితుడి బండికి జరిగింది చెప్తాను. ముందు ఎడమ టైరు రాయి కోసుకుపోయింది, షాపులో అదే సైజు కొత్త టైరు ఒక్కటి వేయించాడు, మిగతా మూడూ సగం పైన అరిగినవి. నాలుగు రోజుల తర్వాత చినుకులు పడుతున్నాయని ఫోర్ హైలో, అంటే నాలుగు చక్రాలూ లాగే గేరులో, పెట్టి బయల్దేరాడు, దారిలో వాన లేదు, రోడ్డు పొడిగా ఉంది, లివర్ మార్చడం మర్చిపోయాడు. ఆగి టూ హైకి, అంటే రెండు చక్రాలే లాగే గేరుకి, లాగితే లివర్ రాదు. రెండు చేతులతో లాగినా రాదు. స్టీరింగ్ తిప్పితే బండి గీరుకుంటూ కదులుతోంది, ముందు వెనక యాక్సిళ్ళకి శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు పోయిందనుకుని నాకు ఫోన్ చేశాడు. వెళ్ళి చూసి, బండిని తిన్నగా వెనక్కి ఒక పది మీటర్లు పోనిచ్చి, పక్కనున్న వదులు మట్టిలోకి ఒక చక్రం దించమన్నాను. కింద నించి టప్‌మని ఒక చప్పుడు వచ్చింది, లివర్ వేలితో తోస్తే వచ్చేసింది.

జరిగింది ఏంటంటే, పార్ట్ టైమ్, అంటే కావాల్సినప్పుడే తగిలించే, ఫోర్‌వీల్ డ్రైవ్‌లో ముందు యాక్సిలూ వెనక యాక్సిలూ ట్రాన్స్‌ఫర్ కేసులో ఒకదానికొకటి బిగించేసి ఉంటాయి, రెండిటినీ వేరే వేరే స్పీడులో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో ఉండదు. కొత్త టైరు ట్రెడ్ 12 మిల్లీమీటర్లు, పాతది 5 అనుకోండి, రెండు వైపులా కలిపి టైరు ఎత్తులో 14 మిల్లీమీటర్ల తేడా, అంటే 776 మిల్లీమీటర్ల టైరు మీద 1.8 శాతం. ముందు రెండు చక్రాల్లో ఒకటే కొత్తది కాబట్టి ముందు యాక్సిల్ సగటున 0.9 శాతం తేడా. కిలోమీటరు పోయేసరికి ముందు యాక్సిలూ వెనక యాక్సిలూ 9 మీటర్లు తేడా పడతాయి, ఆ 9 మీటర్లు ఎక్కడో జారాలి. మట్టిలో అయితే టైరు జారిపోతుంది, ఏ గొడవా లేదు. పొడి తారు మీద జారడానికి చోటు ఉండదు, అదంతా షాఫ్టుల్లో, గేర్లలో, చైనులో మెలికగా చుట్టుకుంటుంది. టైర్లన్నీ ఒకటే ఉన్నా పొడి రోడ్డు మీద మలుపుల్లో ఈ మెలిక కొంత పడుతుంది, అందుకే గట్టి రోడ్డు మీద టూ హైలోనే నడపాలి, తేడా టైర్లు ఉంటే మాత్రం మలుపుల్లేని తిన్నటి రోడ్డు మీద కూడా పడుతుంది.

ఎప్పుడూ నాలుగు చక్రాలూ తిరిగే ఫుల్ టైమ్ బండ్లలో సెంటర్ డిఫరెన్షియల్ గానీ క్లచ్చులు గానీ ఉంటాయి, వాటికి ఈ తేడా రాత్రింబవళ్ళు పనే, వేడెక్కి అరిగిపోతాయి. టైర్ల మధ్య ట్రెడ్ తేడా సుమారు 2 మిల్లీమీటర్లు దాటకూడదని అట్లాంటి బండ్ల తయారీదారులు చాలామంది చెప్తారు, మీ బండి పుస్తకంలో ఎంతుందో చూసి దాన్నే పాటించండి. డబ్బుల ఇబ్బంది ఉండి ఈసారికి రెండే మార్చాలంటే, పార్ట్ టైమ్ బండి అయితే కొత్తవి రెండూ వెనకే వేయించండి, వానలో తోక జారితే సర్దుకోవడం కష్టం కాబట్టి, పాత రెండూ ముందు పెట్టి మిగతా రెండూ వచ్చేదాకా ఫోర్ హైని మట్టిలో మాత్రమే వాడండి.

అందరికీ ఇష్టమైన టాపిక్, ట్రెడ్. హెచ్‌టీ అంటే రోడ్డు టైరు, ఎంటీ అంటే బురద టైరు, ఏటీ రెండిటికీ నడుమ, ఈమధ్య ఏటీకీ ఎంటీకీ మధ్యలో ఆర్‌టీ అని ఇంకోటి కూడా వచ్చింది. బీఎఫ్ గుడ్‌రిచ్ 1976లో రేడియల్ ఆల్ టెరైన్ టైరు తెచ్చిన తర్వాత ఈ ఏటీ అనే మధ్యరకం బాగా నిలబడింది, ఇప్పుడు ప్రతి కంపెనీకీ ఒకటి ఉంది.

ఎంటీలో గాడులు వెడల్పుగా ఉంటాయి, చక్రం తిరుగుతుంటే బురద బయటికి విసిరేస్తుంది, ట్రెడ్ మళ్ళీ ఖాళీ అయ్యి మళ్ళీ పట్టు దొరుకుతుంది. ఏటీ అదే జిగట బురదలో కాసేపటికి గాడులు పూడిపోయి నున్నటి గుండులాగా అయిపోతుంది. కాబట్టి నల్లరేగడి లాంటి జిగట మట్టిలో రోజూ పని ఉన్నోళ్ళకి ఎంటీకి సాటి లేదు. కానీ తడిసిన తారు రోడ్డు వేరే కథ. అక్కడ పట్టు వచ్చేది బ్లాకుల మీద ఉండే సన్నటి కత్తిగాట్ల లాంటి చీలికల వల్ల, వాటిని సైప్స్ అంటారు, అవి నీటి పొరని తెంపుతాయి. ఎంటీలో పెద్ద పెద్ద బ్లాకులు ఉంటాయి గానీ సైప్స్ తక్కువ, రోడ్డుకి తగిలే రబ్బరూ తక్కువే.

నేను ఒకప్పుడు చూపుకి బాగున్నాయని ఎంటీ వేయించాను. మొదటి వానలోనే, తొట్టి ఖాళీ, పెద్ద స్పీడేం కాదు, మలుపులో కాలు కొంచెం తీసేసరికి తోక పక్కకి పోయింది. ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. పక్క సీట్లో అమ్మ ఉంది, డాష్‌బోర్డుని పట్టుకున్న ఆమె చెయ్యి ఇంటికి చేరేదాకా అక్కడే ఉంది. అప్పట్నించి నా బండికి ఏటీనే, దాంట్లో కూడా బ్లాకుల మీద సైప్స్ చివరిదాకా లోతుగా ఉన్నాయా, సగం అరిగేసరికి మాయమయ్యేవా అని వేలిగోరు పెట్టి చూసి మరీ తీస్కుంటాను. కొన్ని టైర్లలో సైప్ పైపైనే గీసినట్టుంటుంది, కొత్తలో వానలో బాగుంటుంది, సగం జీవితం తర్వాత ఉండదు.

ఇసుక గురించి చాలామందికి తప్పు అభిప్రాయం ఉంది, ఎంత గరుకు ట్రెడ్ అయితే అంత మంచిది అనుకుంటారు. ఇసుకలో ఎంటీ పారలాగా తవ్వుకుంటూ కిందికి పోతుంది, అక్కడ కావాల్సింది తేలడం. మామూలు రోడ్డు టైరైనా సరే గాలి 15 నించి 18 పీఎస్ఐకి దించితే అడుగు పొడుగ్గా పరుచుకుని ఇసుక మీద పైపైనే పోతుంది. అంతకన్నా దించితే మలుపులో టైరు రిమ్ము నించి ఊడొచ్చే ప్రమాదం ఉంది. మళ్ళీ గట్టి రోడ్డు ఎక్కే ముందు గాలి కొట్టుకోవాలి కాబట్టి బండిలో చిన్న కంప్రెసర్, ఒక మంచి గేజీ పెట్టుకోండి. రాళ్ళ దారికైతే ట్రెడ్ కన్నా సైడ్‌వాల్ ముఖ్యం, మూడు పొరల సైడ్‌వాల్ ఉన్నది చూడండి, ఎందుకంటే ట్రెడ్‌లో 6 మిల్లీమీటర్ల లోపు పంక్చరు వేయించుకోవచ్చు, సైడ్‌వాల్ కోసుకుంటే ఆ టైరు ఇంక అంతే.

మంచు పడే చోట తిరిగేవాళ్ళు ఎం ప్లస్ ఎస్ అని రాసుంటే సరిపోతుందనుకోవద్దు, అది ట్రెడ్ ఆకారం చూసి కంపెనీ వేసుకునే ముద్ర. మూడు శిఖరాల కొండ లోపల మంచు రేకు బొమ్మ ఉంటే ఆ టైరు మంచు మీద పట్టు పరీక్ష పాసయ్యిందని. అది చూస్కోండి చాలు.

పెద్ద సైజు వేయాలని ఉందా, వేస్కోండి గానీ లెక్క తెలిసి వేస్కోండి. 265/65 ఆర్17 టైరు ఎత్తు 776 మిల్లీమీటర్లు, దాని బదులు 285/70 ఆర్17 వేస్తే 831. మనకి దొరికే గ్రౌండ్ క్లియరెన్స్ అందులో సగమే, సుమారు 27 మిల్లీమీటర్లు. బదులుగా ఇచ్చేది ఏంటంటే, టైరు 7 శాతం పెద్దది కాబట్టి స్పీడోమీటరు 100 చూపిస్తుంటే మీరు నిజంగా 107లో పోతుంటారు, గేర్లన్నీ 7 శాతం పొడుగైనట్టు ఎత్తు ఎక్కేటప్పుడు బండి మొండికేస్తుంది, లో రేంజ్‌లో, అంటే బలం ఎక్కువ స్పీడు తక్కువ ఉండే ఫోర్ లో గేరులో, నిదానంగా పాకే గుణం తగ్గుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది, బ్రేకు పడేదాకా ఇంకాస్త దూరం పోతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లోపలి లైనింగ్‌కో, మడ్ ఫ్లాప్‌కో, పై కంట్రోల్ ఆర్మ్‌కో రాసుకోవచ్చు, నిలబెట్టి తిప్పితే తగలకపోయినా గుంటలో పడి సస్పెన్షన్ నొక్కుకున్నప్పుడు తగులుతుంది. రిమ్ము వెడల్పు కూడా చూడాలి, ఉదాహరణకి 265/70 ఆర్17కి 7 నించి 9 అంగుళాల రిమ్మే సరైనది. నా సలహా అయితే ఎత్తులో 3 శాతం లోపు ఉండనివ్వండి. అంతకు మించి కావాలంటే గేరింగు, సస్పెన్షను, స్పీడోమీటరు సెట్టింగు అన్నీ కలిపి ఆలోచించాల్సిన పని, ఒక్క టైరుతో అయ్యేది కాదు. మీ దగ్గర సైజు మార్పుకి చట్టం, ఇన్సూరెన్స్ ఏమంటాయో కూడా ముందే కనుక్కోండి.

పెద్ద టైరు వేసేవాళ్ళు స్టెప్నీ మర్చిపోతారు. నాలుగు పెద్దవి, కింద వేలాడేది పాత చిన్నది. అడవి దారిలో పంక్చరైతే ఆ చిన్నది వేసి ఫోర్ లోలో పెట్టారంటే పైన చెప్పిన మెలిక కథే, ఇంకా ఘోరంగా. ఐదో టైరు కూడా అదే కొనండి, కొనే ముందు తొట్టి కింద ఆ స్థలంలో పడుతుందో లేదో కొలిచి చూడండి. కొన్నాక దాన్ని కూడా రొటేషన్‌లో కలపండి, 8 నించి 10 వేల కిలోమీటర్లకోసారి ఐదూ చోట్లు మారితే అన్నీ సమానంగా అరుగుతాయి, తర్వాత ఒకటి కోసుకుపోయినా జత కుదిరేది చేతిలో ఉంటుంది.

టైర్లు బండికి ఎక్కించే ముందు, ఇంకా కింద ఉన్నప్పుడే, తేదీ చూడండి. సైడ్‌వాల్ మీద డాట్ అని మొదలయ్యే వరస చివర నాలుగంకెలు ఉంటాయి, 2324 అంటే 2024లో 23వ వారం. ఈ నాలుగంకెల పద్ధతి 2000 నించి వచ్చింది. ఒక పక్కనే పూర్తి వరస ఉంటుంది కాబట్టి కనపడకపోతే టైరు తిప్పి చూడండి. ఐదింటివీ చూడండి, నాలుగు కొత్తవి, ఒకటి మూడేళ్ళ నాటిది కలిపి ఇచ్చేవాళ్ళు ఉంటారు. పికప్‌కి ఇది ఇంకా ముఖ్యం ఎందుకంటే తక్కువ తిరిగే బండ్లలో ట్రెడ్ నిండుగా ఉండగానే రబ్బరు ముసలిదైపోతుంది. ఐదేళ్ళు దాటితే ఏడాదికోసారి చూపించమని, ఎంత బాగా కనపడినా పదేళ్ళకి తీసేయమని పెద్ద టైరు కంపెనీలు చెప్తాయి. స్టెప్నీకి కూడా అదే లెక్క, ఎండ తగలకపోయినా.

బిగించేటప్పుడు దగ్గరుండండి. వాల్వులు కొత్తవి వేయమనండి, బ్యాలెన్సింగ్ ఐదింటికీ చేయమనండి, నట్లు ఎదురెదురుగా మార్చి మార్చి బిగించి చివర బిగువు కొలిచే టార్క్ రెంచితో సరిచూడమనండి. గన్నుతో గట్టిగా బిగించేసి వదిలేస్తే బ్రేకు డిస్కు వంకరపోవచ్చు, దారిలో పంక్చరైతే స్పానర్ మీద ఎక్కి తొక్కినా ఊడదు. అలైన్‌మెంటు అదే రోజు చేయించండి.

ఇక గాలి మీ బండికి ఎంత పెట్టాలో తేల్చుకోవాలి, ముఖ్యంగా పీ నించి ఎల్‌టీకి మారినవాళ్ళు. లోడు రోజుకి ఎంత పెట్టాలో టైరు కంపెనీ లోడు పట్టికలో చూడండి, మీ కాటా బరువుకి ఎదురుగా పీఎస్ఐ ఉంటుంది. ఖాళీ రోజుకి నేను సుద్దముక్కతో తేల్చుకుంటాను. పొద్దున్నే టైర్లు చల్లగా ఉండగా గాలి కొలిచి, ట్రెడ్ మీద ఈ అంచు నించి ఆ అంచుకి అడ్డంగా సుద్దతో మందంగా గీత గీస్తాను. చదునైన పొడి రోడ్డు మీద తిన్నగా కొద్ది దూరం, ఒక వంద మీటర్లు చాలు, పోయి దిగి చూస్తాను. నడుమ చెరిగి అంచుల్లో సుద్ద తెల్లగా మిగిలితే గాలి ఎక్కువ, అంచులు చెరిగి నడుమ మిగిలితే తక్కువ, అంతా సమానంగా పల్చబడితే అదే ఆ టైరు గాలి. ఒకసారికి 2 పీఎస్ఐ చొప్పున మారుస్తూ మళ్ళీ గీసి చూడాలి, ముందు చక్రాలకి ఒక అంకె, వెనక వాటికి ఇంకో అంకె వస్తుంది. స్టిక్కరు మీదున్న దానికన్నా కిందికి మాత్రం పోవద్దు, సుద్ద ఏం చెప్పినా సరే. వచ్చిన అంకెలు, ఖాళీకి ఎంత, లోడుకి ఎంత, డ్రైవర్ డోరు లోపల ఒక కాగితం మీద రాసి అంటించుకోండి, ఇంట్లో ఇంకెవరైనా బండి తీసినా చూస్కుంటారు.

మొదటి మూణ్ణాలుగొందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి, కొత్త రబ్బరు మీద అచ్చులో నించి తీసేటప్పటి జిడ్డు ఉంటుంది, అది పోయేదాకా వానలో పట్టు పూర్తిగా రాదు. 80 నించి 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు ఒకసారి మళ్ళీ టార్క్ రెంచితో చూడండి, ముఖ్యంగా అలాయ్ రిమ్ములైతే, కొన్ని నట్లు ఇంకాస్త తిరగొచ్చు.